ఒక్క ముద్రతో మూడు వీధులు

కొమ్ములంక గ్రామం నాలుగేళ్లుగా జిల్లా కేంద్రంలోని ఒక కంప్యూటర్లో అద్దెకుంటోంది. ఇళ్లూ, గేదెలూ, ఆరువందల మంది జనమూ అందులోనే. ఏ వీధికి మెమరీలో ఎంత జాగా ఇవ్వాలో ఆఫీసు నిర్ణయిస్తుంది. ఆ కేటాయింపులు చూసే ఉద్యోగిని సత్యవేణి.

వీధిని పెంచాలంటే ముందు పాత జాగా కొట్టెయ్యాలి, తర్వాత కొత్తది రాయాలి. ఆ రెండింటి నడుమ రెప్పపాటు సేపు వీధి ఎక్కడా ఉండదు. కిందటిసారి, పోయినవారం, సరిగ్గా ఆ రెప్పపాటులోనే ఎవరో గడప దాటి వీధిలో కాలు పెట్టారు. మోపడానికి చోటు లేక ఊరంతా ఆగిపోయింది. ఆఫీసు పాత నకలు తీసి ఊరిని మళ్లీ నడిపించింది. ఆ నకలులో చివరి పదకొండు రోజులు లేవు. ఆ రోజుల్లో పుట్టిన మంగతాయారు కూతురూ లేదు. నకలులో మంగతాయారు ఇంకా నిండు కడుపుతోనే ఉంది. ఆమెకేమీ గుర్తులేదు. పిల్ల పేరు రిజిస్టర్లో రాసిందీ, కొట్టేసిందీ సత్యవేణే కనుక ఆమెకు గుర్తుంది.

ఈసారి మూడు వీధులు పెంచాలి. మంగతాయారు వీధి అందులో ఒకటి. ఉదయం పదింటికి సర్పంచి వీర్రాజు ఫోన్ చేశాడు.

"మా మంగతాయారుకి నెప్పులొచ్చేశాయండి. ఈయేళ మానేద్దురూ?"

గడువు ఆ రోజే. సత్యవేణి పై అధికారి సోమేశ్వరరావు గదికి వెళ్లింది.

"ఊరిని ఊపిరి మధ్యలో ఆపేద్దామండీ. తీసేవీ చేర్చేవీ ఒకే కాగితం మీద రాసి ఒకే ముద్ర వేద్దాం. జరిగితే అన్నీ జరుగుతాయి, లేదంటే ఏదీ జరగదు."

"తీసేందుకో ఫారం, చేర్చేందుకో ఫారం. రెండూ కలిసిన ఫారం మన ఆఫీసులో లేదమ్మా."

"నేను గీసుకొచ్చానండీ."

ఆయన కాగితాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. తప్పు దొరకలేదు. సంతకం పెట్టాడు.

సత్యవేణి ఊరిని ఆపింది. హోటల్లో వీర్రాజు కోసం తిరగబోస్తున్న టీ రెండు గ్లాసుల మధ్య గాలిలో నిలిచిపోయింది. మంగతాయారు కేక సగంలో ఆగింది. సత్యవేణి ముద్ర గుద్దింది. టీ కింది గ్లాసులో పడింది. కేక పూర్తయింది. దాని వెనకే ఇంకో సన్నటి ఏడుపు వినిపించింది.

"ఆడపిల్లండి! ఇంతకీ మీరెప్పుడు మొదలెడతారండి?" అన్నాడు వీర్రాజు ఫోన్లో.

"అయిపోయిందండీ!"

ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. సోమేశ్వరరావు స్వయంగా జిలేబీ తెప్పించాడు. సత్యవేణి పిల్ల పుట్టిన వేళ రిజిస్టర్లో రాసి, ఈసారి కొట్టేసే పని లేదని కళ్లు తుడుచుకుంది.

జిలేబీ తింటూ తలెత్తితే హాలుకు ఐదు కిటికీలు కనిపించాయి. పొద్దున నాలుగే ఉన్నట్టు ఆమెకు లీలగా అనిపించింది. పక్కవాళ్లను అడిగింది. ఎప్పుడూ ఐదేనన్నారు. ఆమె లేచి వెళ్లి కొత్త కిటికీ అంచు వెంట వేలితో తడిమి చూసింది. ఎక్కడా అతుకు లేదు.

"ఎవరో గానీ పని వచ్చినవాళ్లే" అని మెచ్చుకుని, గాలి బాగా వస్తోందని కుర్చీని అక్కడికి జరుపుకుంది.