ఊఁ కొట్టిన ఒప్పందం

ఆ రోజు టైలరు మాస్టారి ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే ఓ ప్యాంటు అంచులు కుట్టెయ్యాలి, మధ్యాహ్నం కొట్టు మూసి భార్యను కళ్ల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. మనిషి బుద్ధిమంతుడే గానీ, పనిలో ఉంటే పెదాల మధ్య గుండుసూదులు బిగపట్టే అలవాటొకటుంది. అప్పుడు ఎవరేమడిగినా "ఊఁ" అనడం తప్ప గతిలేదు. నోరు తెరిస్తే సూదులు కిందికి రాలతాయి, ఖర్మ కాలితే లోపలికి పోతాయి.

పక్క ఫర్నిచరు షాపాయన సరిగ్గా అప్పుడే గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. లోపల మాస్టారి భార్య మిషను టకటకలాడిస్తోంది. ఆ మోతలో మాస్టారి చెవిన పడింది ఇంతే:

"...కొట్టు నాకిచ్చేస్తారా మాస్టారూ? మీరెంతంటే అంత!"

మాస్టారు "ఊఁ" అన్నాడు. ఆయన ఉద్దేశం 'వింటున్నాను, చెప్పండి' అని. లోకం అలా అనుకోదు కదా! "మాటంటే మాటే మరి!" అంటూ షాపాయన ఒక నోటు కత్తెర కింద దోపి, "బయానా" అనేసి చక్కా పోయాడు.

సూదులు ఉమ్మేసేలోగా మాస్టారికి ముచ్చెమటలు పోశాయి. మధ్య గోడ కొట్టేసి తన షాపు పెంచుకోవాలని ఆ షాపాయన ఎప్పటినుంచో అంటూనే ఉన్నాడు. ఒక్క మిషనుతో మొదలెట్టి, మొగుడూ పెళ్లాలు నడుములు విరిగేలా కుట్టి కొనుక్కున్న కొట్టది. అది పోతే తినేదేమిటి? ఆవిడకు చెప్పేదేమిటి? రెండో ప్రశ్నకే మాస్టారికి ఎక్కువ భయమేసింది.

మేడమీద లాయరు గారింటికి పరిగెత్తాడు.

"చూడు మాస్టారూ," అన్నాడు లాయరు తీరిగ్గా. "ఒకడు ఇస్తావా అనాలి, రెండోవాడు సరే అనాలి, బదులుగా ఏదో ఒకటి ముట్టాలి. అది కూడా వేళాకోళానికి కాకుండా, ఇద్దరూ ఒకే వస్తువు గురించి అనుకోవాలి. ఒప్పందమంటే అంతే. ఆయన అడిగాడా?"

"అడిగాడండీ."

"నువ్వేమన్నావ్?"

"ఊఁ అన్నానండీ. నోట్లో సూదులున్నాయండీ!"

"సూదులు సాక్ష్యం చెప్పవయ్యా. బయానా?"

"కత్తెర కింద పెట్టిపోయాడండీ."

"కొంప మునిగింది."

"ఇంక దారే లేదాండీ?"

"తనది కానిదాన్ని ఎవడూ అమ్మలేడనుకో. కొట్టు నీది కాకపోయుంటే బాగుండేది. పైగా ఇళ్లూ స్థలాలూ అయితే వట్టి నోటిమాటతో..." అంటూ లాయరు అసలు సంగతికి వచ్చేసరికి మాస్టారు మెట్లు దిగిపోయాడు. సగం విని పరిగెత్తేవాళ్లకు ఏ లాయరు మాత్రం ఏం చేస్తాడు!

నోటు తిరిగిచ్చేద్దామని పక్క షాపుకెళ్తే అక్కడ ఇంకో పిడుగు.

"నేనివ్వలేనండీ, క్షమించండి."

"అదేంటి మాస్టారూ! మావాడికి చెప్పేశాను, ఎగిరి గంతేశాడు. కాస్త ఇరుకే అనుకోండి, పక్కలు విప్పించుకుంటాం. సాయంత్రం వచ్చి తీసుకుంటాడు."

"ఇవాళేనా! లోపల మా ఆవిడుందండీ!"

"ఉంటే ఉండనీండి. ఆవిడకేం ఇబ్బంది?"

పక్కలంటే గోడలే అనుకున్నాడు మాస్టారు. కొట్లోకి దూరి భార్య చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

"కళ్ల డాక్టరు దగ్గరకేనా?"

"రిజిస్ట్రారాఫీసుకి! నడు, నడు!"

దారిపొడుగునా జరిగిందంతా చెప్పి, అడగడం, ఒప్పుకోవడం, బదులు ముట్టడం అంటూ లాయరు పాఠమంతా వల్లించాడు. ఆవిడ అంతా విని, "ఇంకెవరికీ ఏదీ ఇస్తాననలేదు కదా?" అని మాత్రం అడిగింది. మధ్యాహ్నానికల్లా కొట్టు ఆవిడ పేరు మీదికి మారిపోయింది. మాస్టారు కళ్లు మూసుకుని సంతకం పెట్టేశాడు. ఆవిడ కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివి మరీ పెట్టింది.

సాయంత్రం షాపాయన పొడుగాటి కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. మాస్టారు గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"కొట్టు నాది కాదండీ! మా ఆవిడది! నాకు అమ్మే హక్కే లేదు! కావాలంటే కాగితాలు చూడండి!"

షాపాయన ఆయన్ని ఎగాదిగా చూశాడు. "కొట్టెవరడిగారండీ? కోటు! కోటు! అదిగో, ఆ బొమ్మకు తొడిగారే, అది! రేపు మావాడికి ఇంటర్వ్యూ."

మాస్టారు ఉన్నచోటే కూలబడ్డాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కుర్రాడి కొలతకు కోటు పక్కలు విప్పి, మళ్లీ కుట్టి, వాళ్లను పంపించేశాక ప్రాణం లేచొచ్చింది.

"హమ్మయ్య! బతికిపోయామే! రేపొద్దున్నే వెళ్లి కొట్టు మళ్లీ నా పేర రాయించేద్దాం."

ఆవిడ మిషను ఆపకుండానే అంది, "అలాగే. బదులుగా ఏమిస్తారు?"

"మనలో మనకేమిటే?"

"ఏదో ఒకటి ముట్టందే ఒప్పందం కాదని మీరేగా చెప్పారు?"

మాస్టారు జేబులు తడుముకున్నాడు. ఈ లోకంలో తనదంటూ ఇవ్వడానికి ఉండేది ఆ కొట్టొక్కటే, అదిప్పుడు ఆవిడదే.

ప్రస్తుతం ఆయన అందులోనే పనిచేస్తున్నాడు. జీతం సంగతి యజమానురాలు ఇంకా తేల్చలేదు.