రెండు సామెతల బస్సు

తెల్లవారి ఆరింటికి పాకాల నుంచి పెళ్ళివారి బస్సు బయలుదేరింది. కార్వేటినగరంలో తొమ్మిదీ పదికి ముహూర్తం. పెళ్ళికొడుకు జయరావుకు ఇంతకుముందు రెండు సంబంధాలు పీటల దాకా వచ్చి చెడిపోయాయి. ఇదీ తప్పితే ఇక పెళ్ళి ఊసెత్తవద్దని ఇంట్లో చెప్పేశాడు.

డ్రైవరు కుప్పయ్యకు రాత అంటే భక్తి. బస్సులో ఏం రాసి ఉన్నా అది ఓనరు ఆజ్ఞే. మొన్న రంగులు వేయించినప్పుడు ఓనరు చెంగల్రాయుడు డ్రైవరు ఎదుట 'నిదానమే ప్రధానం' అని రాయమన్నాడు. ఆయన వెళ్ళగానే ఆయన తల్లి వచ్చి 'ఆలస్యం అమృతం విషం' అని రాయమంది. పెయింటరు ఎవరినీ కాదనలేక రెండూ రాసి చేతులు దులుపుకున్నాడు.

ఊరు దాటగానే పెళ్ళికొడుకు తండ్రి దొరస్వామి గడియారం చూసుకున్నాడు.

"ఏందప్పా, పెండ్లికి పోతా ఉండామా, దినానికి పోతా ఉండామా? పైన రాసిండేది సూడు. ఆలస్యం అమృతం విషం!"

కుప్పయ్య చూశాడు. నిజమే, రాసి ఉంది. తొక్కాడు. మలుపులో దొరస్వామి అక్క వరదమ్మ సీట్లోంచి జారి లడ్డు గంపలో కూలబడింది.

"పక్కనే ఇంకోటి రాసిండాది, కనపళ్ళేదా నీకు? నిదానమే ప్రధానం! పరిగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగేది మేలురా!"

అదీ రాసి ఉంది. తగ్గించాడు. తగ్గించినప్పుడల్లా మగవాళ్ళు ఒకటి చదివారు, తొక్కినప్పుడల్లా ఆడవాళ్ళు ఇంకొకటి చదివారు. చివరికి ఇంజను కాగిపోయి బస్సు నిజంగానే నిలబడి నీళ్ళు తాగింది.

అక్కడే సర్వీసు బస్సు తప్పిపోయిన ఒక ముసలాయన గొడుగు ఎత్తి ఆపాడు.

"ఎక్కు సామీ. నువ్వు మాత్రం సామెత చెప్పొద్దు, నీకు పున్నెముంటాది" అని కుప్పయ్య దండం పెట్టాడు. ఆయన వెనక సీట్లో కూర్చుని దారంతా నోరు విప్పలేదు.

కార్వేటినగరం చేరేసరికి పదిన్నర. జయరావుకు ఏడుపొక్కటే తక్కువ. దొరస్వామి క్షమాపణకు మాటలు వెతుక్కుంటూ దిగాడు. అంతలో పెళ్ళికూతురి తండ్రి సుందరరాజు పరుగున వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు.

"తప్పు మాదే బావా! పెండ్లి సేయించే మా అయ్యోరు ఇంకా రాలేదు. ముహూర్తం దాటిపాయ. కోపం సేసుకోవద్దు."

దొరస్వామి నడుము నిటారైంది. "ఏంది బావా ఇది? మేం ఆరింటికే బయల్దేరినామే!"

అప్పుడు బస్సులోంచి ముందు గొడుగు, వెనక ముసలాయన దిగారు. "అదిగో మా అయ్యోరు!" అని అరిచాడు సుందరరాజు.

"దారిలో ఒక మాట సెప్పుంటే మా పాణాలు నిలబడేవి గదా సామీ!" అన్నాడు దొరస్వామి.

"సెప్పాలనే ఉండె నాయనా. సామెత లేకుండా నాకు మాట మొదలుకాదు" అన్నాడాయన. పంచాంగం తీసి, పదకొండుంపావుకు ఇంకో లగ్నం పట్టుకున్నాడు.

ఈసారి జయరావు పెళ్ళి జరిగింది. సాయంత్రం అత్తవారింటికి బయలుదేరుతూ పెళ్ళికూతురు పంకజాక్షి తండ్రిని అడిగింది ఒక్కటే మాట, పాకాలకు రైలు ఎన్ని గంటలకని.