కాటా మేస్త్రి అయిదు నిమిషాల మౌన సంగ్రామం

ఆ యంత్రం దొంగది. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఆ తీర్పు చెప్పినవాడు సామాన్యుడు కాడు. నలభై మూడేళ్లపాటు కూరగాయల బళ్లనూ కిరాణా కొట్లనూ నగల దుకాణాలనూ తన స్క్రూడ్రైవరు మొనమీద నిలబెట్టిన అఖండ తులాదండ పండితుడు, వంకర ముళ్ల గర్వభంజనుడు, అరిగిన తూకపురాళ్ల పాలిటి కాలయముడు, ఎడమ కంట శుక్లమును కుడి కంట కోపమును ధరించినవాడు, పాత కాటాలు బాగుచేసేవాడు గనక వీధి వీధంతా కాటా మేస్త్రి అని పిలిచే మనిషి. భార్య జ్వరంతో పోయి రెండేళ్లయింది. అప్పటినుంచీ లోకంలో ఆయనకు నచ్చేవి రెండే. సరైన తూకం. మూసిన తలుపు.

వినండి. సూర్యభగవానుడు ఎదురింటి నీళ్ల ట్యాంకు వెనకనుంచి ఇంకా తల ఎత్తని వేళ, పాలప్యాకెట్లు గుమ్మాల మీద శీతల శయనము వీడని వేళ, వంటింటి కుళాయి తొలి దగ్గు దగ్గిన వేళ, ముందుగదిలో కిటికీ పక్కనున్న బల్ల అనే రణరంగమున, ఆ వీరుడును ఆ దొంగయు ముఖాముఖి కూర్చుండిరి. దొంగ అరచేయంత ఉంది. తెల్లటి ప్లాస్టిక్ దేహం, ఒక రబ్బరు గొట్టం, దాని చివర జబ్బకు చుట్టే నల్ల పట్టీ. బీపీ చూసే మిషను.

యుద్ధకారణం మేస్త్రి ఎడమ కన్ను. దాని మీద పొర కమ్మింది. ఆపరేషన్ కోసం ఆస్పత్రికి రెండుసార్లు వెళ్లాడు. రెండుసార్లూ బీపీ చూసి, ఇంతుంటే కుదరదని వెనక్కి పంపారు. మంచం కింద మూడు కాటాలు అయిదు నెలలుగా ఆయన కోసం కాచుకుని ఉన్నాయి. కానీ ఆయనకిప్పుడు ఒక ముల్లు రెండు ముళ్లుగా కనపడుతోంది. ముల్లు రెండుగా కనపడేవాడు కాటా మీద చెయ్యి వెయ్యకూడదు. అది ఎవరో పెట్టిన రూలు కాదు, ఆయన పెట్టుకున్నదే. దాన్ని ఆయన తనకోసమైనా సడలించడు.

రెండోసారి పంపేటప్పుడు నర్సమ్మ ఆయనకు ఏడు గళ్ల కాగితం ఒకటి ఇచ్చింది.

"తాతగారూ, ఇక్కడికొచ్చేసరికే మీరు కుతకుతా ఉడికిపోతున్నారు. ఇంట్లో ఎంతుంటోందో చూద్దాం. రోజూ పొద్దున్నే అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, తర్వాత మూడుసార్లు చూసి రాసుకురండి. వారం తర్వాత నూట యాభై లోపుంటే డాక్టరుగారు డేటిస్తారు. ముఖ్యంగా కూర్చున్నంతసేపూ మాట్లాడకూడదు."

ఆమె ఈ చివరి మాట అనేటప్పుడు మేస్త్రి మాట్లాడుతున్నాడు. కనక వినపడలేదు.

పక్కనే ఉన్న కోడలు విన్నది. ఆ సాయంత్రమే చెప్పింది. కోడలు చెబితే వినే చెవి ఆయనకు పుట్టుకతోనే లేదు.

అయిదు రోజులు గడిచాయి. మొదటిరోజు యంత్రం నూట డెబ్బై ఒకటి అంది. మళ్లీ చూస్తే నూట అరవై మూడంది. మూడోసారి నూట యాభై ఎనిమిది. ఒకే మనిషి, ఒకే చెయ్యి, పది నిమిషాల్లో మూడు లెక్కలు! ఒక్క రాయిని మూడుసార్లు వేస్తే మూడు తూకాలు చూపించే కాటాను మేస్త్రి నలభై మూడేళ్లలో ఏమన్నాడో, దీన్నీ అదే అన్నాడు. కాగితం మొదటి గడిలో అంకెలు కొట్టేసి 'దొంగది' అని రాశాడు. రెండో గడిలో అదే. మూడు, నాలుగూ అంతే. అయిదో గడిలో 'పెద్ద దొంగది'.

ఇది ఆరో రోజు. మర్నాటి గడి నింపుకుని, అటునుంచటే ఆస్పత్రికి పోవాలి.

కోడలు టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆవిడ భర్త పొద్దున్నే షిఫ్టుకి పోయాడు కాబట్టి, మామగారి మహాయుద్ధాలకు సైన్యమూ ప్రేక్షకురాలూ ఆవిడే.

"మావయ్యా, ఈ కాగితం రేపు నర్సమ్మకిస్తే ఏమనుకుంటుంది?"

"నిజం తెలుసుకుంటుంది."

"ఆవిడడిగింది అంకెలు. మీరు రాసింది తిట్లు."

"ఉన్నమాట రాశాను. అంకె అబద్ధమైనప్పుడు తిట్టే లెక్క."

అని ఆ ధీరుడు సింహాసన సదృశమగు ప్లాస్టిక్ కుర్చీ నుండి లేచి, యంత్రమునకు అభిముఖుడై, మేఘగంభీర స్వనమున ఇట్లు గర్జించెను:

"ఓరీ కపటయంత్రమా! రబ్బరు నాళికాభుజంగమా! నూరు గ్రాములు తక్కువ తూచిన వర్తకశిఖామణులను నడిబజారున నిలబెట్టిన ఈ చేతిని, నీ గాలి పట్టీతో పిసికి భయపెట్టగలననుకుంటివా? నేడు నీకు శూన్యపరీక్ష పెట్టెదను. నిలువుము!"

"అదెక్కడికి పోతుంది మావయ్యా, గోడకి ప్లగ్గు పెట్టి ఉంది," అంది కోడలు.

శూన్యపరీక్ష అంటే మేస్త్రి వృత్తిలో మొదటి పాఠం. పళ్లెంలో ఏమీ లేనప్పుడు ముల్లు సున్నా మీద నిలవాలి. నిలవకపోతే ఆ కాటా చెప్పే ఏ మాటా నమ్మకూడదు. కాబట్టి ఆయన నల్ల పట్టీని తీసి, తన కుర్చీ కాలికి చుట్టి, బటన్ నొక్కాడు.

యంత్రము బుసకొట్టెను. పట్టీ ఉబ్బెను. కుర్చీ పాదము పిడికిట చిక్కిన శత్రుకంఠమువలె కిర్రుమనెను. చాలాసేపు ఆలోచించి, యంత్రం తెర మీద ఒక తప్పుగుర్తు వేసి ఊరుకుంది.

"చూశావా!" అని మేస్త్రి తొడ చరిచాడు. "సున్నా చూపించలేదు. ఏం చెప్పాలో దానికే తెలీదు!"

"కుర్చీకి బీపీ ఎందుకుంటుంది మావయ్యా? అది మీలాగా అరవదుగా."

ఆ సమయంలో కిటికీ అవతలనుంచి ఒక బట్టతల ఉదయించింది. అది పక్కింటి రిటైర్డు కండక్టరుది. రోజూ ఉదయం మొక్కలకు నీళ్లు పోసే మిష మీద ఆయన పక్కింటి సంగతులన్నీ తడిపిపోతుంటాడు.

"ఏవయ్యా మేస్త్రీ, ఇంకా తేలలేదా? నన్నడగవేం? నాకూ మూడుసార్లు చూస్తే మూడు రకాలుగానే వస్తుంది. చిన్నది రాసుకుంటాను. మిగతా రెండూ టికెట్ లేని పాసింజర్లనుకో. దింపేస్తాను."

"అలా రాసేనా నువ్వు మొన్న కళ్లు తిరిగి గేటు దగ్గర పడ్డావు?"

"అది ఎండ."

"తప్పు తూకం రాసిన చెయ్యి కాదిది," అన్నాడు మేస్త్రి. "కన్ను పోయినా రాయదు. నీ మొక్కలు చూసుకో ఫో."

కండక్టరు నవ్వుకుంటూ బకెట్టు దగ్గరికి పోయాడు. మేస్త్రి మాత్రం గెలిచినవాడిలా లేడు. తప్పు తూకం రాయనన్నాడు, బాగానే ఉంది. కానీ రాయడానికి సరైన తూకం ఏదీ? రేపు ఖాళీ కాగితంతో పోతే మూడోసారీ వెనక్కే. మంచం కింది కాటాలు తుక్కువాడి బండెక్కుతాయి. ఆయన భూతద్దం తీసి మంచి కంటికి ఆనించుకుని, దొంగ ఒళ్లంతా వెతకడం మొదలుపెట్టాడు. ఎక్కడో ఒక మర ఉండి తీరాలి. బిగిస్తే అన్నీ సరిపోయే మర.

మర దొరకలేదు. పక్కన ఒక చిన్న బటన్ తగిలింది. నొక్కాడు. తెర మీద మూల ఒక చిన్న '2' వెలిగింది. కింద నూట ఇరవై ఆరు. మళ్లీ నొక్కాడు. నూట ఇరవై అయిదు. మళ్లీ. నూట ఇరవై ఆరు. నొక్కినకొద్దీ అవే వస్తున్నాయి. అన్నీ పొద్దున ఆరూ పదికే.

"అమ్మాయ్," అన్నాడు. "ఇవెవరివి?"

కోడలు వంగి చూసింది.

"అత్తయ్యవి. రెండో నంబరు ఆవిడది. మిషను కొన్నది ఆవిడకేగా."

మేస్త్రి భూతద్దం దించలేదు. ముప్ఫై చూశాడు. ముప్ఫై రోజుల్లో తేడా రెండంటే రెండు అంకెలు. వృత్తిలో రెండో పాఠం ఇదే. కాటా మీద అనుమానమొస్తే, తూకం తెలిసిన అసలు రాయి వేసి చూడాలి. అసలు రాయి సరిగ్గా తూగిందంటే కాటా మంచిది. తప్పు పళ్లెంలో పెట్టిన సరుకుది.

"ఇంత నిలకడగా ఎలా వచ్చిందో?"

"ఎలా ఏముంది, కదలకుండా మాట్లాడకుండా కూర్చునేది. నర్సమ్మ చెప్పిందీ అదే, నేను చెప్పిందీ అదే."

"మాట్లాడకుండా అంటే... నేను ఏదైనా అడిగినా?"

కోడలు టీ గ్లాసు తీసుకుంది. చెప్పనా వద్దా అని ఒక్క క్షణం చూసి, చెప్పేసింది.

"రోజు మొత్తంలో మీకు జవాబు చెప్పక్కర్లేని అయిదు నిమిషాలు అవేననేది అత్తయ్య. అందుకే ఒక్కరోజూ మానలేదు."

మేస్త్రికి గుర్తొచ్చింది. ఆవిడ ఇదే కుర్చీలో పట్టీ చుట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. తను గుమ్మంలో నిలబడి, చొక్కా గుండీ ఊడిందనీ, టీ చల్లారిందనీ, చెవుడా నీకు అనీ అరుస్తుండేవాడు. ఆవిడ పలికేది కాదు. దానికి ఆయన పెట్టిన పేరు పొగరు.

ఊగుతున్న పళ్లెం చూసి తూకం చెప్పకండర్రా అని ఎన్ని కొట్లలో ఎంతమందిని తిట్టాడో ఆయనకే లెక్క లేదు. చెయ్యి తియ్యి, ఆగు, ముల్లు నిలవనీ. నలభై మూడేళ్లు చెప్పాడు. ఆరు రోజులుగా ఈ కుర్చీలో ఊగుతున్న పళ్లెం ఎవరన్నది ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"పట్టీ కట్టు," అన్నాడు.

అంతట మొదలయ్యెను ఆ మౌన మహాసంగ్రామము. పాదద్వయమును నేలపై ఆనించి, వెన్నును కుర్చీకి అప్పగించి, వామభుజమును బల్లపై పరచి, దంతపంక్తి అను కోటతలుపులు బిగించి, జిహ్వ అను మదగజమును లోపల గొలుసులతో కట్టి ఆ యోధుడు కూర్చుండెను. కోడలు గోడ గడియారం కింద నిలబడింది.

మొదటి నిమిషమున శత్రుపక్షమునుండి ఒక ఈగ బయలుదేరి, నాసికాశిఖరమున దిగి, అటునిటు పహరా తిరిగి, మీసారణ్యమున ప్రవేశించెను. మేస్త్రి తిట్టు సగం తయారైంది. మింగాడు. ఆ తర్వాత వంటింట్లో మూతపెట్టని గిన్నె నుండి పాలు పొంగి పొయ్యి మీద చుయ్యిమన్నవి. కోడలు పరుగెత్తింది. పొయ్యి మీద పాలు పెట్టి గడియారం చూసే మనిషి గురించి ఆయన దగ్గర చాలా మాటలున్నాయి. అవీ మింగాడు.

నాలుగో నిమిషంలో బట్టతల మళ్లీ ఉదయించింది.

"అన్నట్టు మేస్త్రీ, చెప్పడం మరిచాను. నువ్వు బాగుచేసిచ్చిన మా ఇంటి కాటా లేదూ, దాన్ని నిన్న తుక్కువాడికిచ్చేశాను. నువ్వు ముట్టుకున్న దగ్గర్నుంచీ కిలోకి యాభై గ్రాములు తేడా చూపిస్తోందయ్యా!"

ఓహో, ఆ క్షణమును ఏమని వర్ణింతుము! బ్రహ్మాస్త్రము వచ్చి నేరుగా వక్షఃస్థలమును తాకినట్లు, నలభై మూడేళ్ల కీర్తిసౌధము కిటికీలోంచి ఎవరో నీళ్ల బకెట్టుతో కడిగివేసినట్లు, వీరుని నాడులన్నియు ఏకకాలమున కత్తులు దూసెను. మదగజము గొలుసులు తెంపుకొని కోటతలుపును కుమ్మెను. పెదవులు విడివడెను. ఒక్క అక్షరము, ఒకే ఒక్క 'ఒరే' బయటికి తొంగిచూచెను.

ఇదే కుర్చీలో భార్య ఇలాంటివి రోజుకెన్ని విన్నదో అనిపించింది. ఎన్ని విని, కిటికీలోంచి చూస్తూ కూర్చుందో.

మేస్త్రి పెదవులు మూసుకున్నాయి. కళ్లు కిటికీవైపు తిరిగాయి. కండక్టరు జవాబు కోసం చూశాడు. రాలేదు. ఇంకొంచెం చూశాడు. ఆయన మొహం పాలిపోయింది.

"అమ్మాయ్! మీ మావయ్య మాట్లాడట్లేదు! డాక్టర్ని పిలవనా?"

వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన కోడలు వేలు పెదవుల మీద పెట్టుకుని కిటికీ రెక్క ఆయన మొహం మీదే మూసేసింది.

అయిదు నిమిషాలయ్యాయి. కోడలు బటన్ నొక్కింది. యంత్రం బుసకొట్టింది, పట్టీ బిగిసింది, వదిలింది.

నూట నలభై ఆరు.

నిమిషమాగి మళ్లీ. నూట నలభై నాలుగు. మూడోసారి నూట నలభై అయిదు.

వర్ధిల్లుగాక! మూడు తూకములు, రెండంకెల తేడా! ముల్లు నిలిచెను! మేస్త్రి కలం తీసుకుని ఆరో గడిలో మూడు అంకెలూ వేశాడు. ఒక్కటీ కొట్టెయ్యలేదు. మర్నాడు ఏడో గడీ అలాగే నిండింది.

ఆస్పత్రిలో నర్సమ్మ కాగితం పైనుంచి కిందికి చదివింది. 'పెద్ద దొంగది' దగ్గర ఆగింది.

"ఈ దొంగెవరు తాతగారూ?"

మేస్త్రి తలొంచుకున్నాడు. "దొరికాడులేమ్మా," అన్నాడు.

అక్కడ కూడా ఆయన అయిదు నిమిషాలు నోరు విప్పకుండా కూర్చున్నాడు. నూట నలభై ఎనిమిది వచ్చింది. ఆమె డాక్టరు గదిలోకి పోయి వచ్చి, "గురువారం ఆపరేషన్. మాట్లాడేందుకు పక్కన ఎవర్నీ తెచ్చుకోకండి," అంది. కరతాళధ్వనులు లేవు, పుష్పవృష్టి లేదు. వరసలో వెనకున్న ముసలాయన "అయిందా, ఇక లే" అన్నాడు. అంతే. ఆ విజయమునకు జగమున జరిగిన ఉత్సవము అంతటితో సమాప్తము.

ఇంటికొచ్చాక కోడలు మిషను డబ్బాలో సర్దుతూ అంది: "మావయ్యా, రెండో నంబరులో పాతవి చెరిపేస్తే అది నేను వాడుకుంటాను."

"దాన్ని ముట్టుకోకు."

"ఊరికే ఉన్నాయిగా?"

"అది అసలు రాయి. అసలు రాయితో రోజూ సరుకు తూచరు. గుడ్డలో చుట్టి పెట్టుకుంటారు."

కోడలు ఏదో అనబోయింది. అత్తయ్య, అని మొదలుపెట్టింది కూడా. మేస్త్రి చెయ్యెత్తాడు.

"అయిపోయింది. ఇకమీద ఈ సంగతి ఎవరూ నా దగ్గర ఎత్తకూడదు. నేనూ ఎత్తను."

మంచం కిందినుంచి మొదటి కాటా ముందుకు లాగి, దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.