కారని కారు

ఇంజన్ గారికి ఇంట్లో ఎదురుచెప్పని ప్రాణి ఒక్కటే ఉంది. దానికి నాలుగు చక్రాలు.

ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే కారు బానెట్ ఎత్తి, రోగి గొంతు చూసే డాక్టరులా తల లోపల పెట్టి నిలబడతాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. చూడటమే తప్ప ఏమీ చెయ్యడు. పొరపాటున చేశాడా, మెకానిక్ వచ్చి కారుని తాడుకట్టి లాక్కెళ్ళాల్సిందే.

కారు రెండు లక్షల కిలోమీటర్లు ఎప్పుడో దాటేసింది. స్టార్ట్ చేస్తే పక్కింటివాళ్ళు టీవీ సౌండు పెంచుకుంటారు.

ఆయన భార్య లెక్కల టీచరు. బోర్డు వైపు తిరిగి నిలబడి కూడా వెనక బెంచీలో కాపీ కొట్టేవాణ్ణి పేరు పెట్టి పిలవగలదు. ఈ సంగతి ఇంజన్ గారు సమయానికి గుర్తు చేసుకోలేదు.

"ఈసారి సింథటిక్ ఆయిల్ పోయిద్దామండీ. పాత బండికి మంచిదేనని మెకానిక్ చెప్పాడు," అంది ఆవిడ కూరలు తరుగుతూ.

"కొంప ముంచుతావా? ఇన్నేళ్ళ మడ్డి పేరుకుని, సందులన్నీ పూడ్చి ఆ ఇంజన్ని కాపాడుతోంది. సింథటిక్ పోస్తే మడ్డంతా కడుక్కుపోయి ఆయిల్ ధారగా కారుతుంది."

"అంటే మురికి వల్లే నిలబడిందంటారు."

"ముమ్మాటికీ."

"మరి మీ బనియన్లు ఎందుకు ఉతకమంటారు?"

"నేనుండగా ఆ ఆయిల్ నా కారులో పడదు," అని లేచిపోయాడు. ఆవిడ ఆ మాటని అక్షరాలా పాటించింది. ఆయన కారు ఇంట్లో వదిలి ఆఫీసుకి వెళ్ళిన రోజు చూసి పోయించేసింది.

సాయంత్రం ఆయన కారెక్కి తాళం తిప్పాడు. చప్పుడు లేదు. మళ్ళీ తిప్పాడు. లోపల ఏదో పళ్ళు నూరినట్టు కర్రుమంది.

"అది స్టార్టయ్యే ఉందండీ," అంది ఆవిడ పక్క సీట్లోంచి.

ఇంజన్ గారు కుదేలైపోయాడు. కర్టెన్ల రంగు దగ్గర్నుంచి పిల్లల చదువు దాకా ఆ ఇంట్లో ప్రతిదాంట్లోనూ ఆవిడ మాటే నెగ్గింది. మిగిలింది ఈ ఇంజనొక్కటే. ఇక్కడా తన మాట పోతే ఇక తను ఇంట్లో మూలనున్న పాత కుర్చీతో సమానం. దుమ్ము దులపడానికి తప్ప ఎవరూ ముట్టుకోరు.

ఇక ఆశంతా లీకు మీదే. ఆయన అలిగి బస్సులో ఆఫీసుకి పోతుంటే, ఆవిడ హాయిగా కారు వేసుకుని బడికి పోతోంది. రోజూ పొద్దున్నే ఆయన బోర్లా పడుకుని టార్చి వేసి కారు కింద వెతికాడు. నేల పొడిగా ఉంది. "ఒక్క చుక్క కార్చవే తల్లీ," అని బతిమాలాడు కూడా. కారు కనికరించలేదు.

చివరికి ఆ చుక్కేదో తనే కార్చాలని నిశ్చయించుకున్నాడు. చెప్పుల స్టాండు వెనక పాత ఆయిల్ డబ్బా ఒకటుంది. తెల్లవారకముందే లేచి, టార్చి వెయ్యకుండా, కవరు కప్పి ఉన్న కారు దగ్గరికి వెళ్ళాడు. దాని ముక్కు ఎప్పుడూ వాకిట్లోని కుళాయి వైపే ఉంటుంది. అటు వైపు కవరు అంచు ఎత్తి, కింద గరిటెడు ఒలకబోసి, వచ్చి బాత్రూంలో గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు.

కాసేపటికి బయట కవరు తీసిన చప్పుడైంది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

"ఏమండీ, ఆయిల్ కారింది. మీరన్నదే నిజం," అని కేకేసి ఆవిడ బడికి వెళ్ళిపోయింది.

రేజరు చేతిలో అలాగే ఆగిపోయింది. ఆ ఇంట్లో ఆ మాట ఇంతకుముందు టీవీలోంచే వినపడింది. ఆయనకి కళ్ళు చెమర్చాయి. అద్దంలో సగం గడ్డంతో ఉన్న మనిషి చాలా పెద్దమనిషిలా కనిపించాడు.

మర్నాడు రెండు గరిటెలు పోశాడు. ఆ తర్వాత గరిటె అవతల పడేసి డబ్బాతోనే పోశాడు. పోసినప్పుడల్లా "మీరన్నదే నిజం" వినపడింది. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు కూడా.

ఒకరోజు భోజనాల దగ్గర ఆవిడ నెమ్మదిగా అంది. "మీరన్నదే నిజమండీ. ఈ కారు పనైపోయింది. మా తమ్ముడు డ్రైవింగ్ నేర్చుకోవడానికి పాత బండి అడుగుతున్నాడుగా, ఆదివారం వచ్చి తీసుకెళ్ళమన్నాను."

ఆ బావమరిది సైకిలు నేర్చుకున్నప్పుడు వీధిలో రెండు ప్రహరీలు మళ్ళీ కట్టించాల్సి వచ్చింది.

"లీకులు ఒక్కోసారి వాటంతటవే ఆగిపోతాయి," అన్నాడు.

"ఎక్కడైనా ఆగాయా?"

"ఇది ఆగుతుంది. నాకు నమ్మకం ఉంది."

ఉండదా మరి. మర్నాడు ఆయన డబ్బా జోలికి పోలేదు. తెల్లారాక ధీమాగా వెళ్ళి కవరు ఎత్తాడు. కింద కొత్తగా పళ్ళెమంత ఆయిల్ ఉంది.

ఇంజన్ గారు అక్కడే చతికిలబడ్డాడు. తనన్నది నిజమైపోయింది. నిజమైతే ఇంత ఘోరంగా ఉంటుందని ఆయనకి తెలీదు. ఆ మర్నాడు ఇంకా ఎక్కువ కారింది. ఆయనకి అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. మెకానిక్‌ని పిలిపిస్తే, అతను కింద దూరి చూసి, "ఎక్కడా తడి లేదు సార్," అన్నాడు.

"మరి ఈ ఆయిల్ ఎక్కడిది?"

"అదే నాకూ అర్థం కావట్లేదు సార్," అన్నాడు మెకానిక్, టీచరమ్మ వైపు చూడకుండా.

ఆదివారం బావమరిది నల్లకళ్ళద్దాలు పెట్టుకుని దిగాడు. "బావగారూ, బ్రేకు ఏ కాలితో నొక్కాలి?"

ఆ ప్రశ్న వినగానే ఇంజన్ గారు వెళ్ళి కారుకి అడ్డంగా నిలబడ్డాడు.

"దీన్ని ఎవరికీ ఇవ్వను. మొదట్లో కారలేదు, ఆయిల్ నేనే పోశాను. కానీ ఈ రెండు రోజులూ నేను ముట్టుకోలేదు, ఒట్టు. నేనన్న పాపానికి ఇప్పుడు నిజంగానే కారుతోంది."

"కారట్లేదు లెండి," అంది ఆవిడ. "ఈ రెండు రోజులూ నేను పోశాను. డబ్బా మీరు దాచిన చోటే ఉందిగా."

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే. ముందురోజు సాయంత్రం నేను కారు రివర్సులో తెచ్చి పెట్టాను. కుళాయి వైపు ఉన్నది డిక్కీ. డిక్కీలోంచి ఇంజనాయిల్ కారడం నేనెక్కడా చూడలేదు. మర్నాటి నుంచి మళ్ళీ మామూలుగానే పెట్టాను, పాపం కష్టపడుతున్నారు కదా అని."

బావమరిది కళ్ళద్దాలు తీసి నేల మీది మరకని పరీక్షగా చూశాడు. "అయితే కారు ఇవ్వవా అక్కా?"

"నిన్ను భోజనానికి పిలిచాన్రా. వెళ్ళి చేతులు కడుక్కో."

ఇంజన్ గారికి ప్రాణం లేచొచ్చింది. పరువు మాత్రం రాలేదు. సబ్బుపొడీ బ్రష్షూ పట్టుకుని సాయంత్రం దాకా మరక రుద్దాడు. అది అరచేయంత అయ్యేసరికి ఆవిడ వచ్చి బ్రష్షు లాక్కుంది.

"ఇక చాలు. అది ఉంచండి."

"ఎందుకు?"

"అవసరం పడుతుంది."

పడుతూనే ఉంది. నిన్న కూడా గీజరు తనే విప్పి బాగుచేస్తానని ఆయన స్క్రూడ్రైవరు తీశాడు. ఆవిడ కిటికీలోంచి కుళాయి దగ్గరి మరక వైపు చూసింది. ఆయన స్క్రూడ్రైవరు మళ్ళీ సొరుగులో పెట్టేసి, "నువ్వన్నదే నిజం," అన్నాడు.

"నేనింకా ఏమీ అనలేదండీ," అంది ఆవిడ.