ఎనిమిదోనాటి వక్రరేఖాసుర సంహారం

నాకు లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: నా ఏడాదిన్నర పాప మూడు దుప్పట్ల కింద ఊపిరాడక ఉక్కిరిబిక్కిరి కావడం.

వినుడు! మధ్యాహ్న ప్రచండమార్తాండుడు కిటికీ ఊచలను కాల్చుచుండిన వేళ, రెండు గదుల వాటాలో, మందుసీసాల నడుమ, ఘాతాంకగర్వోద్ధతుండును, పెన్సిలాయుధధరుండును, కళాశాల గణితాధ్యాపకుండును అగు మా బావగారు, పాప ఏడునాళ్ల జ్వరపు లెక్కను గ్రాఫుకాగితంపై బంధించి, ఆరవ ఘాతపు బహుపదిని సంధించి, ఏడు చుక్కలనూ ఒక్క వక్రరేఖతో గుచ్చెను. తొలినాడు మామూలు వేడికి అర డిగ్రీ కూడా మించని జ్వరం, నాలుగోనాడు నాలుగు డిగ్రీల శిఖరమెక్కి, ఏడోనాటికి ఎక్కినట్టే దిగిపోయింది. గండం గడిచిందని డాక్టరమ్మ కూడా అన్నది. కాని ఆ మహారేఖ ఆగునా? ఏడో చుక్క దాటినదే తడవుగా పాతాళాభిముఖంగా దూకెను.

"ఇవాళ ఒళ్లు నలభై ఏడు డిగ్రీలు పడిపోతుంది! కప్పండి దుప్పట్లు! మూయండి కిటికీలు!" అని బావగారు గర్జించెను.

"పిల్లా, ఐసుముక్కా?" అన్నది అత్తయ్య. అయినా పెద్దకొడుకు మాట కదా, మూడో దుప్పటీ కప్పింది.

పాప ముఖం కందిపోయింది. పదో తరగతితో బడి మానిన నేను కాగితం లాక్కున్నాను.

"బావగారూ, మీ గీత ఎడమపక్కా అలాగే కూలింది చూడండి. జ్వరానికి ముందురోజు కూడా పాప గడ్డకట్టిందా? ఆ రోజు మీ కళ్లజోడు నమిలిందిగా!"

"అది... లెక్క పరిధి దాటిన రోజమ్మా."

"ఇవాళ దాటలేదా మరి?"

"నీకివన్నీ అర్థంకావులే. ఉండు, ఇంకో రెండు పదాలు కలుపుతా."

ఆహా, ఏమి పాండిత్యము! గ్రాఫుగడిలో వెంట్రుకవాసి కనబడును, చంటిదాని మెడమీది చెమట కనబడదు! బహుపదికి ఎన్ని పదాలు మేపినా, చివరికి ఆకాశానికో పాతాళానికో పరుగే. రెండు కొసలా నెమ్మదించడం దాని పుట్టుకలోనే లేదు. నెమ్మదించేది భిన్నం: కింది అంకె బలిసేకొద్దీ మొత్తం చిక్కుతుంది. జ్వరశిఖరం నుంచి ఎన్నినాళ్ల దూరమో, ఆ అంకెను దానితోనే హెచ్చించి, ఒకటి కలిపి, దానితో నాలుగును భాగించాను. ఏడు చుక్కలూ దాసోహమన్నాయి. మరి ఎనిమిదోనాటికి? నాలుగును పదిహేడుతో భాగిస్తే, పావు డిగ్రీకి లోపే!

"థర్మామీటరు ఇలా ఇవ్వండి, అత్తయ్యా!"

మామూలుకు ఒక్క గీత పైన. అంతే.

జయము! దుర్భేద్య కంబళదుర్గము బద్దలై మూడు దుప్పట్లూ నేలగూలె! కిటికీ రెక్క ఒకటి జానెడు తెరుచుకొనె! పాప తుమ్మి, నవ్వె!

బావగారు మాత్రం ముందుగదిలో తలుపేసుకుని పన్నెండో ఘాతం దాకా వెళ్లారట. పొద్దుటినుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. నేను పాపను వదిలి కదలలేను; మీలో ఎవరైనా ఒకసారి తలుపు తట్టి, ఆయన ఎలా ఉన్నారో చూసిరండి.