చివరి దశలో మామయ్యగారు

సోమవారం ఉదయం సమీక్షకుడు పెట్టుకున్న పనులు మూడు. స్నానం చేసి ఆఫీసుకు వెళ్ళాలి. కొత్త వీడియో గేమ్‌లో మిగిలిపోయిన చివరి దశ ఆడాలి. మధ్యాహ్నానికి దాని సమీక్ష ముగించాలి. మొదటి పనే మొదలు కాలేదు. స్నానాల గదిలో మామగారు ఉన్నారు.

మామగారు అకౌంట్స్ ఆఫీసరుగా పదవీ విరమణ చేసిన మనిషి. కూతుర్ని చూడటానికని వచ్చారు. అల్లుడిది ఉద్యోగమేనా అన్న సంగతి తేల్చుకోవడం కూడా ఆయన పనుల్లో ఉంది. వచ్చిన రోజే అడిగారు.

"ఆటలాడినందుకు జీతం ఇస్తారా అల్లుడుగారూ?"

"ఆడినందుకు కాదు మామయ్యగారూ, ఆడి రాసినందుకు."

"ఎన్నాళ్ళిస్తారు?"

అది సమీక్షకుడికీ ఉన్న అనుమానమే. ఈ ఏడాది అతను ఒక గేమ్ వార్తకు ఇంకో గేమ్ బొమ్మ పెట్టాడు. ఇంకా విడుదల కాని గేమ్‌ను పాత ఆటగాళ్ళు మరిచిపోలేరని రాశాడు. రెండుసార్లూ అతను పనిచేసే వెబ్‌సైట్ సవరణ వేసుకుంది. యజమాని అందరినీ నిలబెట్టి చెప్పాడు, ఇంకొక్క సవరణ వేయాల్సి వస్తే దానికి కారణమైనవాడు ఇంటికేనని.

భుజాన తువ్వాలుతో సమీక్షకుడు తలుపు ముందు నిలబడి ఫోన్‌లో సమీక్ష దిద్దుకుంటున్నాడు. ఆ వెబ్‌సైట్‌లో ఒక పద్ధతి ఉంది. తెలియని వివరం ఉన్నచోట ఖాళీ వదలకూడదు, వదిలితే పేజీ కొలత తప్పుతుంది. ఏదో ఒకటి ఎర్ర అక్షరాల్లో నింపి, తర్వాత మార్చుకోవాలి.

"మామయ్యగారూ," అన్నాడు తలుపు మీద వేలితో కొట్టి.

లోపల నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మామయ్యగారూ, ఆఫీసుకి టైమవుతోంది."

"గట్టిగా అనకండి," అంది భార్య వంటింట్లోంచి. "నొచ్చుకుంటారు."

అతను చివరి దశ గురించిన పేరాను ఎర్ర అక్షరాల్లో నింపాడు. 'చివరి శత్రువు ఒక పెద్దాయన. లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంటాడు. ఏ ఆయుధమూ పనిచేయదు. మామయ్యగారూ అని మూడుసార్లు మర్యాదగా పిలిస్తేనే బయటికి వస్తాడు.' సమీక్షను ఎడిటర్‌కు పంపి, ఎర్ర పేరా ఆఫీసుకు వచ్చి మారుస్తానని విడిగా సందేశం పెట్టాడు. మూడోసారి పిలిచాడు. మామగారు వచ్చారు. అతను లోపలికి వెళ్ళాడు.

ఫోన్‌లోంచి పంపినప్పుడు ఎరుపు నలుపైపోతుందని అతనికి తెలియదు. ఎడిటర్‌కు అప్పటికే పోటీ వెబ్‌సైట్ సమీక్ష వచ్చేస్తోందన్న కబురు అందింది. ఎడిటర్ ఎప్పుడూ శీర్షికా, ఇచ్చిన మార్కులూ, చివరి వాక్యమూ మాత్రమే చదువుతాడు. మధ్యలోది రాసినవాడి పూచీ అని ఆయన లెక్క. అవి మూడూ చదివి ప్రచురించేశాడు. సందేశం తర్వాత చూద్దాంలే అనుకున్నాడు.

సమీక్షకుడు పరుగున ఆఫీసుకు చేరాడు.

"సార్, చివరి దశ పేరా..."

"అదరగొట్టావయ్యా. జనం ఎగబడుతున్నారు."

"సార్, అది మా మామగారు."

"ఆయనకి అంకితమా? మంచి పని చేశావు."

"అంకితం కాదు సార్. గేమ్‌లో అలాంటివాడు లేడు."

ఎడిటర్ కళ్ళజోడు తీశాడు. "చివరి దశ ఆడావా?"

"ఇంకా లేదు."

"మరి లేడని నీకెలా తెలుసు?"

సమీక్షకుడు వెళ్ళి ఆడాడు. లేడు. కానీ కోట పై అంతస్తులో మూసి ఉన్న తలుపు ఒకటి ఉంది. గోడ బోసిగా కనబడుతోందని చిత్రకారుడు వేసిన తలుపు అది. ఆ గేమ్ ఆడేవాళ్ళ మాటను మైకులోంచి వింటుంది. సాయంత్రానికి వేలమంది ఆ తలుపు ముందు నిలబడి మామయ్యగారూ అంటున్నారు. ఒక ఇంట్లో పక్కగదిలోంచి నిజం మామయ్యగారే లేచి వచ్చి, ఏమిటి బాబూ అని అడిగారట.

పోటీ వెబ్‌సైట్ ఆ పేరాను ఎత్తి పెట్టుకుంది. ఇంకొకటి విశ్వసనీయ వర్గాలు ధ్రువీకరించాయని రాసింది. మూడోది మూడుసార్లు కాదు, నాలుగుసార్లు పిలవాలని దిద్దింది. జాగ్రత్తగా రాసేవాళ్ళన్న పేరు దానికి దక్కింది.

మరునాడు మామగారు కూతురి ఫోన్‌లో సమీక్ష చదివారు. సమీక్షకుడు అన్నం కలపడం ఆపాడు.

"అల్లుడుగారూ, ఈ గడియ పెట్టుకున్నవాడెవడు?"

"ఊరికే... కల్పన మామయ్యగారూ."

"ఇంట్లో ఇంకో నలుగురున్నారన్న ఇంగితం ఉండొద్దూ మనిషికి? బాగా పెట్టారు గడ్డి."

భార్య నీళ్ళ చెంబు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు రాలేదు.

బుధవారం గేమ్ కంపెనీ ప్రచార విభాగం నుంచి ఫోన్ వచ్చింది. జనం మర్యాదగా పిలిచినా పెద్దాయన రావడం లేదని గేమ్‌కు అయిదుకి ఒక్కో మార్కు వేస్తున్నారట. యజమాని ఎడిటర్‌ను పిలిచాడు.

"సవరణ వేయండి. కుర్రాణ్ణి పంపించేయండి."

"అలాగేనండీ."

"అసలిది మీరు చదివారా?"

ఎడిటర్ కొంచెం ఆలోచించాడు. "చదివిన మేరకు తప్పులేం లేవండీ."

సమీక్షకుడు వెళ్ళాక తన వంతు వస్తుందని బయటికి వచ్చాక ఆయనకు అర్థమైంది. తన జాగ్రత్త ఏపాటిదో చూపించాలని, సవరణ తన పేరుతోనే రాయడానికి నిశ్చయించుకున్నాడు. గేమ్ ముందు కూర్చున్నాడు. దూకడానికి ఏ మీట నొక్కాలో సమీక్షకుణ్ణే అడిగాడు.

"ఇది సార్. అది కాదు, ఇది. పడిపోయారు."

"మళ్ళీ మొదట్నించా?"

"మళ్ళీ మొదట్నించే."

"నువ్వు దీనికి జీతం పుచ్చుకుంటున్నావా?"

"ఈ సవరణ పడేదాకా సార్."

ఎడిటర్ పడుతూ లేస్తూ తలుపు చేరాడు. మూడుసార్లు పిలిచాడు. నాలుగోసారీ పిలిచాడు. బావగారూ అని కూడా పిలిచి చూశాడు. కంపెనీకి ఫోన్ చేసి, లేడని రాతలో తెప్పించుకున్నాడు. తలుపు వేసిన చిత్రకారుడితో మాట్లాడాడు. గురువారం పొద్దున్నే సవరణ వేశాడు. 'ఆ తలుపు వెనక ఎవరూ లేరు. స్వయంగా ఆడి నిర్ధారించుకున్నాం. మా సమీక్షకుడి తప్పుకు చింతిస్తున్నాం.' కింద పెద్ద అక్షరాల్లో తన హోదా.

ఆ కంపెనీలో ప్రచార విభాగం కింది అంతస్తులో ఉంటుంది, ప్రోగ్రామర్లు పై అంతస్తులో ఉంటారు. కింది అంతస్తు లేడని రాసిస్తున్నప్పుడే పై అంతస్తు ఆ పెద్దాయన్ని తయారుచేస్తోంది. ఇంతమంది అడుగుతుంటే పెట్టేస్తే పోలేదా అనుకున్నారు వాళ్ళు. గురువారం మధ్యాహ్నం గేమ్‌కు కొత్త మార్పులు విడుదలయ్యాయి. పిలిచిన మూడోసారికి తలుపు తెరుచుకుంది. తల తుడుచుకుంటూ ఒక పెద్దాయన బయటికి వచ్చి, వస్తున్నా కదయ్యా అన్నాడు. సాయంత్రంలోగా ఒక్క మార్కులన్నీ అయిదు మార్కులయ్యాయి.

యజమాని ఇద్దర్నీ పిలిచాడు. సమీక్షకుడు తన సొరుగులోని సామానంతా సంచిలో సర్దుకుని, సంచితోనే వచ్చాడు.

"ఈ పెద్దాయన గురించి మనకంటే ముందు ఎవరైనా రాశారా?" అన్నాడు యజమాని.

"లేదండీ," అన్నాడు సమీక్షకుడు.

"కంపెనీవాళ్ళు కూడా మననుంచే తెలుసుకున్నామంటున్నారు. మరి లేడని రాసిందెవరు?"

ఎడిటర్ గొంతు సవరించుకున్నాడు. "నేనేనండీ. కానీ రాసినప్పుడు అది నిజం."

"ఇప్పుడో?"

"ఇప్పుడు... కాదండీ."

"అయితే సవరణ వేయాలి."

"సవరణకి సవరణా అండీ?"

"వేయాల్సి వస్తే ఎవరు ఇంటికి వెళ్ళాలో అందరికీ చెప్పే ఉన్నాను." యజమాని సమీక్షకుడి వైపు తిరిగాడు. "నువ్వా సంచి దింపవయ్యా. రేపట్నుంచి ఆయన కుర్చీలో కూర్చో."

మాజీ ఎడిటర్ తన సవరణను వెబ్‌సైట్ నుంచి తనే తొలగించి వెళ్ళాడు. ఆ వెబ్‌సైట్ పెట్టిన నాటినుంచి, సరిచూసుకుని ప్రచురించిన వార్త అదొక్కటే.