నీటికుక్కలు గెలవడం మొదలెట్టాక

జట్టు ఓడిపోవడం కన్నా ఊరికి మేలు చేసేది ఇంకోటి లేదు!

నవ్వుతున్నారా? నవ్వండి. గెలుపంటే ఏమిటో తెలియని అమాయకులు మీరు. మేం చూశాం. ఈ ఏడాది సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మా బ్రాంటన్‌లో ఒక్క శనివారం కూడా తెరిపి లేకుండా గెలిచాం. పగవాడికి కూడా వద్దు ఆ యాతన.

ఈ విషయం మాట్లాడ్డానికి నువ్వెవడివయ్యా అంటారేమో. బడి నేను పదో తరగతిలోనే మానేశాను. కాలేజీకి మాత్రం ఇరవై ఏళ్ళుగా వెళ్తూనే ఉన్నాను. శనివారాలు మాత్రమే. మా హోల్మ్‌క్విస్ట్ కాలేజీ ఫుట్‌బాల్ మైదానంలో, గీత పక్కన గొలుసు పట్టుకుని నిలబడే లైల్‌ని నేనే. పది గజాల గొలుసు. ఈ చివర కర్ర నాది, ఆ చివర కర్ర మా బామ్మర్ది వెండెల్‌ది. మాది కాళ్ళతో తన్నే ఫుట్‌బాల్ కాదు, బంతిని చంకన పెట్టుకుని గుద్దుకుంటూ పోయే అమెరికా ఆట. నాలుగు విడతల్లో బంతిని పది గజాలు తోసుకుపోవాలి. తోయలేకపోతే బంతి అవతలవాళ్ళ పాలు. తోశారా లేదా అని అనుమానం వస్తే తేల్చేది మా గొలుసే! జీతం లేదు. మ్యాచికి ఒక సాసేజీ, ఒక కాఫీ. ఆ కాలేజీలో ప్రొఫెసర్లకి కూడా అంతకన్నా గౌరవం దక్కడం నేను చూడలేదు.

మాది మూడో డివిజను. మీరు టీవీలో చూసే కాలేజీలు కావివి. ఇక్కడ ఆడినందుకు ఎవడికీ ఫీజు తగ్గించరు. కుర్రాళ్ళు పొద్దున పాలు పితికి, మధ్యాహ్నం ల్యాబులో ఏదో ఒకటి పగలగొట్టి, సాయంత్రం బురదలో పొర్లుతారు. జట్టు పేరు నీటికుక్కలు. పులుల్నీ సింహాల్నీ డేగల్నీ పెద్ద కాలేజీలు పంచుకుపోగా మాకు మిగిలిన జంతువు అది.

అలాంటి నీటికుక్కలు పాతికేళ్ళపాటు దీక్షగా ఓడిపోయాయి. ఆ పాతికేళ్ళూ మా ఊరికి స్వర్ణయుగం!

మ్యాచి సగమైపోయాక వచ్చినా కారు గేటు ముందే పెట్టుకోవచ్చు. బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. అవతల స్కోరు పెరిగేకొద్దీ పడుకోవచ్చు కూడా. ఉల్రిక్ గారి భార్య మ్యాచికో స్వెట్టరు అల్లేసేది, తలెత్తి చూడాల్సిన పని ఉండేది కాదు గనక. చివరి విజిల్ వినపడక ముందే మగాళ్ళంతా ఇళ్ళకి చేరి పెరట్లో రాలిన ఆకులు ఊడ్చేవాళ్ళు. ఆ రోజుల్లో మా ఊళ్ళో కాపరాలు ఎంత చల్లగా సాగాయనుకున్నారు?

ఇక మర్యాదలంటారా! చుట్టుపక్కల ఏ కాలేజీలో పాత విద్యార్థుల పండగ జరిగినా, ఆ రోజు మ్యాచికి ఏరికోరి మమ్మల్నే పిలిచేవాళ్ళు. వచ్చిన పెద్దమనుషులు సంతోషంగా ఇళ్ళకి వెళ్ళాలి కదా మరి! ఒక ఏడాదైతే మావాళ్ళు పొరుగూళ్ళలో ఆడిన ప్రతి మ్యాచీ ఎవరో ఒకళ్ళ పండగే. చావగొట్టి, కేకు పెట్టి పంపించేవాళ్ళు. ఇప్పుడు పిలవమనండి చూద్దాం!

మాతోపాటు విడత నంబరు పలక పట్టుకుని నిలబడే ఆర్విడ్ పాస్టరుగారున్నారు. వినయం గురించి ఆదివారం ప్రసంగం చెయ్యాలంటే ఆయన వేరే ఉదాహరణ వెతుక్కునేవారే కాదు.

అన్నిటికన్నా ముఖ్యం నవంబరు. పాతికేళ్ళలో ఒక్కసారి కూడా మా ఫుట్‌బాలు జింకల జోలికి రాలేదు. జింకల వేట మొదలయ్యే శనివారం వచ్చేసరికి మావాళ్ళ సీజను ప్రశాంతంగా కన్నుమూసి ఉండేది. మా విస్కాన్సిన్‌లో ఆ శనివారం ఎవరూ పెళ్ళి పెట్టుకోరు. కాస్త ఓపికున్నవాళ్ళు చావు కూడా వాయిదా వేసుకుంటారు.

అదిగో, అలాంటి ఊళ్ళోకి ఈ ఏడాది దిగాడు కొత్త కోచ్ ప్రాథర్. మెడలో ఈల, చంకలో ట్యాబ్లెట్. మొదటిరోజే కుర్రాళ్ళని కూర్చోబెట్టి, "మనం ఎందుకు గెలవకూడదు?" అని అడిగాడట. పాతికేళ్ళుగా ఎవరికీ తట్టని ప్రశ్న. చదువుకున్నవాళ్ళతో వచ్చే చిక్కే ఇది!

మొదటి మ్యాచి గెలిస్తే పొరపాటు అనుకున్నాం. రెండోది గెలిస్తే అవతలవాళ్ళకి జ్వరాలు అనుకున్నాం. మూడోది గెలిచేసరికి సాసేజీల దగ్గర క్యూ! నేను గొలుసు మనిషినయ్యా అన్నా వినకుండా, "వెనక నిలబడండి సార్" అన్నాడు ఎవడో. ముక్కూమొహం తెలియనివాడు! పళ్ళ డాక్టరు ముఖానికి మా జట్టు నీలం రంగు పూసుకొచ్చాడు. సోమవారానికి కూడా అది వదల్లేదు. నోరు తెరవమంటే పిల్లలు ముందే తెరిచి ఏడుస్తున్నారు. స్వెట్టర్లల్లే ఉల్రిక్ గారి భార్య అల్లిక సూది చూపించి మరీ రిఫరీని తిట్టింది. కాలేజీ ప్రెసిడెంటు నాతో చెయ్యి కలిపి, "మీరేం బోధిస్తారు?" అని అడిగాడు.

"పది గజాలు" అన్నాను.

చెప్పండి, ఇదా మనకి కావలసింది?

ఆ గెలుపులు అక్కడితో ఆగాయా? ప్లేఆఫ్స్! ఓడితే ఇంటికి, గెలిస్తే ఇంకో శనివారం. దేశం మొత్తంలో ఆ అర్హత ఎవరికి దక్కిందో ఒక ఆదివారం తెర మీద చదువుతారు. కాలేజీ భోజనశాలలో ఊరంతా కూర్చుని చూశాం. తెర మీద మనిషి మా కాలేజీ పేరుని ముక్కలు ముక్కలు చేసి పలికాడు. అయినా పైకప్పు లేచిపోయేలా అరిచాం. పైగా మొదటి రౌండు మా మైదానంలోనే! ఆర్విడ్ పాస్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. వెండెల్ నన్ను అమాంతం ఎత్తబోతే నడుం పట్టేసింది వాడికి.

అప్పుడు తెర మీద తేదీ పడింది.

ఒక్కో బల్ల దగ్గరా అరుపులు ఆగిపోయాయి.

"బావా," అన్నాడు వెండెల్, నడుం పట్టుకుని వంగినవాడు వంగినట్టే, "ఆ శనివారం... ఆ శనివారమేనా?"

"ఆ శనివారమేరా."

"జింకలదా?"

"జింకలదే."

"ఒక్క మ్యాచి! ఎక్కడో ఒక్క మ్యాచి ఓడిపోతే వీళ్ళ సొమ్మేం పోయింది బావా?"

చూశారా! నా సిద్ధాంతానికి మొదటి శిష్యుడు.

నేను మాత్రం అడవికే వెళ్తానని ఇంట్లో తెగేసి చెప్పాను. మా ఆవిడ మార్లిస్ గిన్నె తోముతూ వెనక్కి తిరగనైనా తిరగలేదు.

"వెళ్ళు. జింక మొహం ఏటా చూస్తున్నదే కదా. గొలుసు లేకుండా మ్యాచి జరగదంటావుగా, ఆ కర్రేదో నేను పట్టుకుంటాలే."

పట్టుకుంటుంది కూడా! అందుకే ఒప్పుకున్నాను. వేరే కారణమేం లేదు.

చివరికి ఊరంతా కలిసి దారి కనిపెట్టింది. తెల్లారగట్ల అడవి, మధ్యాహ్నం మైదానం. అడవిలో ఒకణ్ణి చూసి ఒకడు జింకనుకుని కాల్చకుండా మేం కళ్ళు జిగేల్మనే నారింజరంగు కోట్లు వేసుకుంటాం. బట్టలు మార్చుకునే తీరిక ఎవరికుంది? అందరూ ఆ కోట్లతోనే వచ్చి కూర్చున్నారు. ఎక్కడో ఇండియానా నుంచి బస్సులో వచ్చిన అవతలి జట్టు రంగేమిటో ఒక్కడైనా ముందు కనుక్కున్నాడా?

నారింజ!

వాళ్ళు మైదానంలోకి పరిగెత్తుకొచ్చి, మా గ్యాలరీ చూసి, ఉన్నచోటే ఆగిపోయారు. అంత దూరం నుంచి తమకోసం ఇంతమంది తరలివచ్చారనుకున్నారు పాపం! చేతులూపారు. ఒకడైతే గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. మేం మర్యాద తెలిసినవాళ్ళం, మేమూ ఊపాం. తర్వాత మా నీటికుక్కలు బయటికొచ్చి చూసుకుంటే, సొంతూళ్ళో తమ రంగులో ఉన్నది పళ్ళ డాక్టరు ఒక్కడే!

ఆ మ్యాచి ఎలా సాగిందో చెప్పను. చెబితే నేను సంతోషించానని మీరు అనుమానిస్తారు. ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా మేం ఒక్క స్కోరు వెనక ఉన్నాం. నాలుగో విడత. ఇది పోతే సీజనే పోయింది. పాడి రైతు నైబర్గ్ వాళ్ళబ్బాయి కోల్బీ బంతిని పొట్టకి అదుముకుని, తల వంచి, గుంపులోకి దూరాడు. పైనుంచి మనుషుల్ని ఒక్కొక్కళ్ళనే లాగితే అట్టడుగున తేలాడు, బంతితో సహా. చేరాడా, చేరలేదా?

రిఫరీ మా వైపు చూసి చెయ్యి ఊపాడు.

గొలుసు పట్టుకుని మైదానం మధ్యకి నడిచాం. నారింజ కోట్లన్నీ లేచి నిలబడ్డాయి.

"బావా," గొణిగాడు వెండెల్, పెదవులు కదపకుండా, "లాగేటప్పుడు కాస్త వదులుగా..."

"నోర్ముయ్‌రా."

వాడు తన కర్ర ఆనించాడు. నేను లాగాను. గొలుసు తీగలా బిగిసింది. బంతి ముక్కుకీ నా కర్రకీ మధ్య నా అరచెయ్యి పట్టేంత సందు.

కోల్బీ మోకాళ్ళ మీదే ఉండి తలెత్తాడు. ముక్కు మీద బురద. "చాలా తక్కువైందా లైల్ బాబాయ్?"

"లేదురా. కొంచెమే."

అయిపోయింది. నేను కోరుకున్నట్టే ఓడిపోయాం! అవతలి జట్టు మా గ్యాలరీ ముందుకొచ్చి వరసగా నిలబడి, ఇంత దూరం వచ్చినందుకు కృతజ్ఞతలంటూ చేతులు జోడించినంత పని చేసింది. ఉల్రిక్ గారి భార్య ఏడుస్తూనే వాళ్ళకి చెయ్యి ఊపింది.

ఆహా, ఎంత హాయి! మర్నాడు నేనూ వెండెలూ అడవిలో మంచె ఎక్కాం. మంచు, వేడి కాఫీ, తుపాకీ. ఎవడూ అరవడు, ఎవడూ క్యూలో వెనక్కి పొమ్మనడు. పొదల్లోంచి మగ జింక వచ్చింది. అంతటి కొమ్ములు నా జన్మలో చూడలేదు. ఎదురుగా బిర్చ్ చెట్టు దగ్గర ఆగింది. అది నన్ను చూసింది. నేను దాన్ని చూశాను. అది వెళ్ళిపోయింది.

"నిద్రపోయావా బావా? కాల్చవేం?"

"కొలుస్తున్నానురా."

"ఏంటి కొలిచేది?"

"దాని ముక్కుకీ ఆ చెట్టుకీ మధ్య సందు."

వెండెల్ కాఫీ ఫ్లాస్కు మూత బిగించాడు. "నా మాట విని వదులుగా పట్టుకునుంటే, ఈపాటికి రెండో రౌండు గురించి మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళం."

"అప్పుడు గెలిచినట్టయ్యేది మనిద్దరంరా. వాళ్ళు కాదు."

కాబట్టి పాఠకులారా, ఓటమిలో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదని మీకు అర్థమయ్యే ఉంటుంది. కానీ ముప్పు తప్పలేదు. కోచ్ ప్రాథర్ వచ్చే ఏడాది కూడా ఉంటాడట. కోల్బీకి ఇంకో ఏడాది చదువు మిగిలుందట. అందుకే నా జాగ్రత్తలో నేనున్నాను. వచ్చే నవంబరులో శనివారాలన్నీ, ఎందుకైనా మంచిది డిసెంబరువి కూడా, నాకు ఏ పనీ పెట్టొద్దని మార్లిస్‌కి ఇప్పుడే చెప్పేశాను.

"మరి జింకలో?" అంది.

"వాటికీ ఒక ఏడాది సెలవిద్దాం."

ఏం, తప్పా? వాళ్ళు సరిగ్గా ఓడిపోతున్నారో లేదో ఎవరో ఒకరు దగ్గరుండి చూసుకోవాలి కదా!